ఆదివారం మేస్త్రులు

పాత బుల్లెట్‌కు టైమింగ్ పెట్టే పని ఒక పలచటి కాగితంతో మొదలవుతుంది. పాయింట్ల మూత విప్పి, మూసుకుని ఉన్న రెండు పాయింట్ల మధ్య సిగరెట్ ప్యాకెట్ మీది గాజుకాగితం ముక్క దోపుతారు. బండి నడిమి స్టాండు మీద, టాప్ గేరులో ఉంటుంది. ఒకరు వెనక చక్రాన్ని వేళ్లతో కొంచెం కొంచెంగా ముందుకు తిప్పుతుంటారు. ఇంకొకరు ప్లగ్గు తీసిన రంధ్రంలో నిలబెట్టిన సైకిల్ స్పోకు మీద చూపు నిలుపుతారు. మూడో మనిషి కాగితం కొస పట్టుకుని లాగీ లాగనట్టు ఉంటాడు. పిస్టన్ పై అంచు చేరడానికి ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉందనగా కాగితం పట్టు వదలాలి. ముందే వదిలితే కిక్ కొట్టినప్పుడు కాలికి ఎదురుదెబ్బ. ఆలస్యంగా వదిలితే ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది, ఎత్తు రోడ్డులో లాగలేదు. "ఇంకా పట్టుకోనుంది... ఇంకా... ఆఁ, వదిలె!" అన్న మాట వినబడగానే చక్రం తిప్పే చెయ్యి ఆగుతుంది. స్పోకు మీది గుర్తు చూస్తారు. తేడా ఉంటే పాయింట్ల ప్లేటును వెంట్రుకవాసి జరిపి మళ్లీ మొదటినుంచి వస్తారు. కాస్త దాటిపోయినా చక్రాన్ని అంతమేరకే వెనక్కి తిప్పి సరిపెట్టుకోరు. గేర్లలో, గొలుసుల్లో ఉండే వదులు కొలతను తప్పిస్తుందని వాళ్లకు తెలుసు. ఎప్పుడూ ఒకే దిక్కుగా తిప్పుకుంటూ రావాలి.

ఈ పనికి సరిచూపు కూడా బండి మీదే ఉంది. హెడ్‌లైటు పైన చిన్న ఆమ్మీటరు ఉంటుంది కదా, తాళం తిప్పి ఉంచితే పాయింట్లు మూసుకున్నంతసేపు దాని ముల్లు ఎడమకు వాలి ఉంటుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. పాత బుల్లెట్ నడిపినవాళ్లంతా ఆ ముల్లు మధ్యకు రావడం చూసి, డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ను కొద్దిగా దాటించి, అప్పుడు నిండుగా కిక్ కొట్టినవాళ్లే. కాగితం వదిలిన క్షణం, ముల్లు కదిలిన క్షణం ఒకటైతే ఆ ఆదివారానికి ఆ పని అయినట్టు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో ఇలాంటి పని చేసే మిత్రబృందాల్లో చాలామంది మెకానిక్కులు కారు. ఒకాయన టమోటా మండీలో లెక్కలు రాస్తాడు. ఒకరు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతారు. ఒకరు గ్రానైట్ యార్డులో సూపర్‌వైజరు. వారమంతా వేరే బతుకు. ఆదివారం పొద్దున టిఫిను కాగానే పశువులు లేని కొట్టంలోనో, మిద్దె కింది వరండాలోనో గోనెసంచులు పరిచి కూర్చుంటారు. ఎవరూ ఎవరికీ కూలి ఇవ్వరు. పని నేర్పిన మేస్త్రి, ఊళ్లో అందరూ 'భాయ్' అని పిలిచే పెద్దాయన, మధ్యాహ్నం నమాజు తర్వాత అటుగా వచ్చి స్టూలు మీద కూర్చుని చూస్తాడు. ఆయన స్పానర్ పట్టడు, అడిగితేనే చెబుతాడు. నేను ఈ కొట్టాలకు చూడ్డానికి వెళ్లేవాణ్ణి. నన్ను అక్కడ కట్టిపడేసింది బండ్లు కాదు, ఆ చేతులు. రోజువారీ షాపులో సాయంత్రానికి బండి బయటికి పంపాలి, అక్కడ మేస్త్రి ఎంత మంచివాడైనా గడియారం చూడక తప్పదు. వీళ్లకు ఆ బాధ లేదు. కంటికి కనబడని చోట కూడా పూర్తిగా పని చేయగలగడం వీళ్లకు దక్కిన అదృష్టం, దాన్ని వీళ్లు దుర్వినియోగం చేయడం లేదు.

పాత బండ్లకు ఈ నేల సరైన చోటు. తూర్పున మద్రాసు తిరువొత్తియూరులో 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు తయారయ్యాయి. పడమర మైసూరులో 1961 నుంచి 1996 దాకా ఐడియల్ జావా ఫ్యాక్టరీ నడిచింది; మొదట జావా పేరుతో, 1970ల నుంచి యెజ్డీ పేరుతో బండ్లు వచ్చింది అక్కడినుంచే. కుప్పానికి ఆ పక్క హోసూరులో 1980లో టీవీఎస్ 50 పుట్టింది. పల్లె రోడ్డు మీద టమోటా బుట్టలు మోసిన ఆ చిన్నబండి వంశం ఇంకా నడుస్తూనే ఉంది. ఈ ఫ్యాక్టరీల నడుమ, బెంగళూరు జె.సి. రోడ్డు స్పేర్‌పార్టుల బజారుకు పొద్దున పోయి సాయంత్రానికి రాగల దూరంలో ఉన్నాయి మన మూడు ఊళ్లు. కుప్పం పక్కనే కోలారు బంగారు గనులు. గనులు 2001లో మూతపడ్డా, అక్కడున్న బీఈఎంఎల్ కర్మాగారం ఇంకా ఫిట్టర్లకు, టర్నర్లకు అన్నం పెడుతోంది. ఇనుము కొలిచే అలవాటు ఈ చుట్టుపక్కల గాలిలోనే ఉంది.

కుప్పంలో నేను చూసిన ఒక పని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. పాత ఇంజన్‌లో ఆయిల్ కారడం, కార్బరేటర్ దగ్గర దొంగగాలి పీల్చడం అన్నవి చాలాసార్లు ఒకే కారణంతో వస్తాయి. రెండు లోహపు ముఖాలు సమంగా కలవవు. కార్బరేటర్ చెవులను రెండు నట్లతో ఏళ్లతరబడి బిగిస్తే దాని ముఖం మధ్యలో ఉబ్బి, కొసల దగ్గర వంగుతుంది. కంటికి కనబడదు. స్టీలు స్కేలు అడ్డంపెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నటి వెలుగు గీత కనబడుతుంది. మామూలుగా దీనికి మందు ఏమిటంటే, మందంగా ప్యాకింగ్ పెట్టి పైన సీలెంట్ పూసి బిగించేయడం. రెండు నెలలు ఆగుతుంది. బిగించినకొద్దీ చెవులు ఇంకా వంగుతాయి.

కుప్పం మిత్రులు ఆ దారి పట్టలేదు. గ్రానైట్ యార్డులో పాలిష్ పట్టి, అంచు విరిగి పక్కన పడేసిన పలక ఒకటి తెచ్చుకున్నారు. ఈ ప్రాంతపు ఆకుపచ్చ గ్రానైట్‌కు దేశాల మీద పేరుంది. వీళ్లకు రంగు అక్కర్లేదు, దాని చదును కావాలి. ప్రపంచమంతటా మిషన్ షాపుల్లో కొలతలు సరిచూసే సర్‌ఫేస్ ప్లేట్లు గ్రానైట్‌తోనే చేస్తారు. ఆ రాయి తుప్పు పట్టదు, ఎండకూ చలికీ ఉక్కంత మారదు, దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది తప్ప చుట్టూ ఉబ్బదు. యార్డు పలక ఆ ప్లేట్లంత కచ్చితం కాకపోయినా కార్బరేటర్ ముఖానికి చాలు. పలక మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్లలో చుక్క సబ్బు కలిపి తడిపారు. కార్బరేటర్ ముఖం మీద స్కెచ్ పెన్‌తో నీలిగీతలు అడ్డంగా గీశారు. దాన్ని పేపర్ మీద ఆనించి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దారు. బరువు వెయ్యకూడదు, చెయ్యి బరువే చాలు. ఒకే దిక్కున రుద్దితే ముందంచు ఎక్కువ అరుగుతుంది, అందుకే ఎనిమిది అంకె, అందుకే మధ్యమధ్య ముక్కను పావు మలుపు తిప్పి పట్టుకోవడం.

కాసేపటికి ఎత్తి చూస్తే గీతలు మధ్యలో మాత్రమే చెరిగాయి. అంటే మధ్య ఎత్తుగా ఉంది. మళ్లీ రుద్దారు. గీతలు కొసల వైపు చెరుగుతూ పోయాయి. చివరికి ఒక్క చెవి కొసన వేలిగోరంత నీలం మిగిలింది. ఇక్కడే చాలామంది చాలనుకుంటారు. ఆ కొసన నట్టు బిగుసుకుంటుంది కదా, ప్యాకింగ్ ఉంటుంది కదా అనిపిస్తుంది. వీళ్లు ఆ గోరంత నీలం పోయేదాకా రుద్ది, తర్వాత 800 నంబరు పేపర్‌తో నునుపు చేసి, జెట్లు ఊడదీసి, సన్నటి దారులన్నీ పెట్రోలుతో కడిగి గాలి కొట్టారు. రాపిడి ధూళి ఒక్క రేణువు లోపల ఉండిపోయినా ఇంజన్ బోరు గీసుకుపోతుంది. రుద్దిన సమయంకంటే కడిగిన సమయం ఎక్కువ. నా లెక్కలో పనితనం అంటే ఆ కడగడమే.

మదనపల్లెలో మిత్రులకు తోడు వచ్చేది బోరుబావుల వ్యవహారం. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు దొరకని ఈ సీమలో మోటారు కాలడం నిత్యం జరిగేదే. కాబట్టి వైండింగ్ షాపు లేని వీధి తక్కువ. పాత జావాలకు, తొలి యెజ్డీలకు 6 వోల్టుల డైనమో. దాని చుట్టలు కాలిపోతే కొత్తది దొరకదు. సబ్‌మర్సిబుల్ మోటార్లు చుట్టే మనిషే దీన్నీ చుట్టిస్తాడు. అయితే నీళ్లలో మునిగే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడతారు, డైనమోకు ఎనామిల్ పూసిన సన్నతీగ కావాలి. మిత్రుల్లో ఒకాయన పాత చుట్టను విప్పేటప్పుడు పక్కనే కూర్చుని చుట్లు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకుంటాడు. తీగ మందం, చుట్టిన దిక్కు, కొస ఏ కొక్కేనికి పోయిందీ బొమ్మ గీసుకుంటాడు. చుట్టిన తర్వాత వార్నిష్‌లో ముంచి వేడిలో ఆరబెట్టాలి. లేకపోతే ఇంజన్ అదురుకు తీగలు ఒకదానికొకటి రాసుకుని ఎనామిల్ లేచిపోతుంది. దేశవాళీ వ్యవసాయం కోసం ఎదిగిన ఒక నైపుణ్యం చెక్ దేశంలో రూపుదిద్దుకున్న బండికి ప్రాణం పోస్తోంది. ఇది ఈ ఊరి గొప్ప, నాకు ఇందులో సందేహం లేదు.

యెజ్డీ గురించి ఇంకో మాట. గేరు లీవరూ కిక్కు లీవరూ ఒకటే దానికి. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, యథాస్థానానికి వస్తే గేరు. పైగా గేరు నొక్కే కాలే క్లచ్‌ను కూడా ఎత్తేస్తుంది, చేత్తో పట్టకపోయినా సాగుతుంది. ఇంత తెలివి పెట్టిన యంత్రాన్ని విప్పేటప్పుడు ఆ తెలివికి తగ్గ మర్యాద చూపించాలి. విప్పిన ప్రతి వాషరును విప్పిన వరుసలోనే ఒక తీగకు గుచ్చి వేలాడదీస్తారు మదనపల్లెవాళ్లు. టూస్ట్రోక్ బండి కాబట్టి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలుపుతారు. ఆ ఆయిల్ మసి సైలెన్సర్లలో గడ్డకడుతుంది. రెండు సైలెన్సర్లనూ ఊడదీసి కట్టెల మంటలో కాల్చి, చల్లారాక దులిపితే బండి గొంతు మారిపోతుంది. క్రోమ్ పూత పోకుండా కాల్చాలంటే లోపలి గొట్టాన్ని విడిగా తీసి దాన్నొక్కదాన్నే కాల్చాలి. ఆ గొట్టం ఊడిరాని బండ్లుంటే మంట జోలికి పోరు, కాస్టిక్ సోడా నీళ్లు నింపి రాత్రంతా ఉంచుతారు.

బోరు విషయానికి వస్తే, బుల్లెట్ 350 సిలిండరు అడ్డం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ఆట 90. బోరు ఎప్పుడూ గుండ్రంగా అరగదు. రింగులు ఆగి వెనక్కి మళ్లే పైచోట ఎక్కువ, పిస్టన్ ఒరుసుకునే ముందు వెనకల ఎక్కువ. కాబట్టి పైన, మధ్యన, కింద, రెండేసి దిక్కులుగా కొలిచి రాసుకుని అప్పుడు రీబోరింగ్ షాపుకు పోతారు. తిరిగి వచ్చాక కొత్త రింగును బోరులో పెట్టి, పిస్టన్‌తోనే లోపలికి నెట్టి సమం చేసి, కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూస్తారు. అంగుళం బోరుకు నాలుగు థౌ చొప్పున లెక్క, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఈ బోరుకు పదకొండు థౌ దగ్గర. ఖాళీ తక్కువైతే వేడికి కొసలు ఢీకొని రింగు విరుగుతుంది. ఆకురాయి మీద ఒక కొసను మాత్రం, లోపలి వైపుకే లాగుతూ అరగదీస్తారు. బయటికి లాగితే అంచున పొక్కు లేచి బోరును గీస్తుంది.

పుంగనూరులో ఎక్కువ జరిగేది చక్రాల పని, పెయింటు పని. బుల్లెట్ రిమ్ముకు నలభై స్పోకులు. బెండు తీయడం సైకిల్ షాపులో చిన్నప్పుడు నేర్చుకున్నవాడు పెన్సిలును ఫోర్కుకు కట్టి రిమ్ము దగ్గర పెడతాడు, గీత పడ్డచోట స్పోకు వదిలి ఎదుటి స్పోకు బిగిస్తాడు. చివర్లో స్పానరుతో స్పోకులన్నిటినీ మీటుకుంటూ పోతాడు. వీణ శ్రుతి చేస్తున్నట్టే ఉంటుంది, మందంగా పలికిన స్పోకు వదులు. పెయింటు వేసేముందు కొట్టంలో నేలంతా నీళ్లు చల్లుతారు, ధూళి లేవకుండా. వాన ముసురులో మాత్రం గన్ను ముట్టరు. గాలిలో తేమ ఎక్కువైతే పూత తెల్లబారుతుంది. మద్రాసు ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను దశాబ్దాలుగా చేత్తోనే గీశారు. ఇక్కడ ఆ గీత కోసం లారీల మీద పేర్లు రాసే పెయింటరును బతిమాలి తెస్తారు. ఆయన కుంచె ట్యాంకు వంపు చివరిదాకా ఎత్తకుండా పోయింది. స్టిక్కరుతో అది రాదు.

కార్లు తక్కువ, చోటు కావాలి కదా. అయినా ఒక ప్రీమియర్ పద్మిని హెడ్డు విప్పి వాల్వులు రుద్దడం చూశాను. 1089 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ఏ వాల్వు ఆ సీటుకే పోవాలి కాబట్టి అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి నంబర్లు రాసి గుచ్చారు. గ్రైండింగ్ పేస్టు పూసి, రబ్బరు కప్పు అంటించిన కర్రను రెండు అరచేతుల మధ్య కవ్వంలా ఇటూ అటూ తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి, పావు మలుపు జరిపి మళ్లీ. ముతక పేస్టు, తర్వాత మెత్తటిది. సీటు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పున బూడిదరంగు పట్టీ రావాలి. వచ్చిందనిపించాక స్ప్రింగులు బిగించి పోర్టులో కిరోసిన్ పోసి వదిలేశారు. ఒక వాల్వు చుట్టూ తడి కనబడింది. ఆ ఒక్కదానికోసం స్ప్రింగు మళ్లీ విప్పారు, ఎవరూ విసుక్కోలేదు.

పని అయిన బండి పరీక్షకు హార్స్‌లీ హిల్స్ ఉంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటే, కొండ పైన 1,265 మీటర్లు. ఎక్కినకొద్దీ గాలి పలచబడుతుంది, అదే జెట్టు నుంచి వచ్చే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఘాటు మలుపుల్లో తగ్గకుండా ఎక్కి, పైన ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పి చూస్తారు. పింగాణీ లేత ఇటుకరంగులో ఉంటే సరే. మసిగా ఉంటే నీడిల్ క్లిప్పు ఒక మెట్టు మారుస్తారు. తెల్లగా ఉంటే ఏమాత్రం ఉపేక్షించరు, బండి నెమ్మదిగా దించి ఇంటికి తెస్తారు. పలచటి మిశ్రమం పిస్టన్‌ను కరిగిస్తుంది.

అలా కరిగిన పిస్టన్లు, విరిగిన రింగులు కొట్టంలో ఒక చెక్క మీద వరుసగా పెట్టి ఉంటాయి. న్యూజిలాండ్ ఇన్వర్‌కార్గిల్‌లో బర్ట్ మన్రో అనే ఆయన తన షెడ్డులో ఇలాంటి చెక్కనే పెట్టుకుని, వేగదేవతకు నైవేద్యాలని దాని మీద రాసుకున్నాడు. 1920లో కొన్న ఇండియన్ స్కౌట్‌కు పిస్టన్లు తానే పోతపోసుకుంటూ బతుకంతా దాన్ని మెరుగుపరిచి, 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బానవిల్ ఉప్పుమైదానంలో రికార్డు కొట్టాడు. మన కొట్టాల్లో రికార్డుల ఆశ లేదు. చెడిన ముక్కను పారేయకుండా ఎదురుగా పెట్టుకుని ఎందుకు చెడిందో మాట్లాడుకోవడం మాత్రం ఒకటే.

ఒక విషయంలో నేను వీళ్ల పక్షమే. ఊళ్లలో ఆదివారం పని అనగానే కొందరు కుర్రవాళ్లు సైలెన్సర్ కోసి చప్పుడు పెంచుతారు, ఆర్‌ఎక్స్ 100లాంటి మంచి బండ్ల చాసిస్‌లు నరికి కొత్త ఆకారాలు వెల్డింగ్ చేస్తారు. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆ 98 సీసీ బండిలో పోర్టులు, రీడ్ వాల్వు, సైలెన్సర్ లోపలి కొలతలు ఒకదానికొకటి లెక్కకట్టి పెట్టినవి. సైలెన్సర్ కోస్తే చప్పుడు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. ఆర్‌సీలో రాసిన తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు కూడా. తయారైన రోజు ఎలా పలికిందో అలా పలికించడం చాలా కష్టమైన పని, నాకు దానిమీదే గౌరవం.

మీ ఇంటి కొట్టంలో తాతగారి బుల్లెట్టో యెజ్డీయో గోనెపట్ట కింద ఉంటే, పాత సామాన్లవాడు వచ్చేలోగా రెండు పనులు చేయండి. ప్లగ్గు విప్పి లోపల నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, కొన్నాళ్లు నాననివ్వండి. పట్టేసిన ఇంజన్‌ను కిక్ మీద నిలబడి తొక్కకండి. ఆర్‌సీ పుస్తకం వెతికి భద్రం చేయండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు వస్తుంది. అయితే చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్న బండికే అది ఇస్తారు.